చెడ్డ బస్తీ అనునది కలదా?

దేవరకొండలో గాని, దాని చుట్టుపట్ల పల్లెలలో, తండాలలో గాని ఒక ఇంటి పిల్లవాడు చదువునకో కొలువునకో పట్నము పోవుచున్నాడనగా, పెద్దలు అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏడ తీసుకున్నవురా రూము?" పిల్లవాడు బస్తీ పేరు చెప్పును. కొన్ని పేర్లకు పెద్దలు తల ఊపుదురు. కొన్ని పేర్లు విన్నంతనే వారి ముఖము మారును. "పాతబస్తీలనా? వద్దు బిడ్డా, ఇంకో దిక్కు చూసుకో" అందురు. ఆ మాట అన్నవారు పలుమారు ఆ బస్తీని కన్నులతో చూచినవారు కారు. ఎప్పుడో రేడియోలో వినిన కర్ఫ్యూ వార్త, ఎవరో బంధువు చెప్పిన ముచ్చట, పత్రికలో చూచిన పెద్ద అక్షరములు, ఇవి కలసి వారి మనస్సులో ఒక పటమును గీచియుంచినవి. ఆ పటములో కొన్ని చోట్లు తెలుపు, కొన్ని చోట్లు నలుపు.

ఈ భయము వట్టిదని చెప్పుటకు మేము పూనుకొనలేదు. నగరములో కత్తిపోట్లు, హత్యలు, అల్లరులు అన్ని వీధులలోను సమానముగా జరుగవన్నది నిజము. లోకములోని పెద్ద నగరములన్నిటిలోను ఇట్లే యున్నది. అయితే హింస ఒకచోట ఎక్కువై, మరియొకచోట తక్కువగుటకు కారణమేమి? నేలలో దోషము కలదా, మనుష్యులలో కలదా, లేక చరిత్రలో కలదా? ఈ ప్రశ్నకు హైదరాబాదు నగరపు నాలుగు వందల ఏండ్ల కథలో జవాబు వెదకుట ఈ ప్రసంగపు ఉద్దేశము.

దేవరకొండవారికి కోటగోడ అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. ఏడు కొండలను కలుపుచు రేచర్ల పద్మనాయకులు కట్టించిన గోడలు, బురుజులు, ద్వారములు నేటికిని ఊరిమీదికి చూచుచునే యున్నవి. ఆ వంశము వారిదే రాచకొండ కోటయు. పదునాలుగవ, పదునైదవ శతాబ్దులలో ఒక శాఖవారు రాచకొండను, ఒక శాఖవారు దేవరకొండను ఏలినారు. గోడ కట్టినవారి తలంపు సులభమైనది. ప్రమాదము వెలుపల నుండి వచ్చును, లోపల ఉన్నవారు మనవారు. ఆరువందల ఏండ్ల తరువాత, 2016లో, హైదరాబాదు నగరపు అంచులలోని ప్రాంతములకు క్రొత్త పోలీసు కమిషనరేటు ఏర్పడినపుడు దానికి రాచకొండ అనియే పేరు పెట్టినారు. వెలుపలి శత్రువును ఆపుటకు వెలసిన కోట పేరు, నగరము తన లోపలి నేరములను కాచుకొనుటకు ఏర్పరచుకొనిన వ్యవస్థకు వచ్చినది. నగరములో ప్రమాదమునకు చిరునామా ఎట్లు మారినదో ఈ ఒక్క పేరు చెప్పుచున్నది.

హైదరాబాదునకును గోడ ఉండెడిది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నగరమును నిర్మించినపుడు దాని చుట్టు గోడ లేదు. మొగలుల సుబేదారైన ముబారిజ్ ఖాను పదునెనిమిదవ శతాబ్ది మొదటి భాగములో దానిని ఆరంభించినాడు. మొదటి ఆసఫ్‌జా దానిని పూర్తిచేసినాడు. ఆ గోడ ద్వారముల పేర్లు నేటికిని బస్తీల పేర్లుగా మిగిలినవి: లాల్ దర్వాజా, అలియాబాదు, గౌలిపురా, యాకుత్‌పురా, దూద్‌బౌలి, ఫతే దర్వాజా. కట్టడములుగా నిలిచియున్నవి పురానాపూల్ ద్వారము, దబీర్‌పురా ద్వారము మాత్రమే. గోడ పోయినది గాని, గోడకు లోపల, గోడకు వెలుపల అను భేదము మనుష్యుల మనస్సులలో పోలేదు. నేడు మనము పాతబస్తీ అనునది దాదాపుగా ఆ గోడలోపలి ఊరు, దాని దక్షిణపు విస్తరణము.

గోడకు ఉత్తరమున మూసీనది. నదికి ఆవల, 1803 ప్రాంతమున, బ్రిటిషు రెసిడెంటు అయిన కిర్క్‌పాట్రిక్ తన భవనమును కోఠిలో కట్టించుట మొదలుపెట్టినాడు. 1806లో ఇంకను ఉత్తరమున సికింద్రాబాదు దండు వెలసినది. రెసిడెన్సీ చుట్టు ఉన్న బజారులు నిజాము కొత్వాలు చేతిలో గాక రెసిడెంటు అధికారములో ఉండెడివి. అవి తిరిగి నిజాము ప్రభుత్వమునకు వచ్చినది 1933లో మాత్రమే. నూరేండ్లకు మించి ఒకే ఊరిలో, ఒక నదికి రెండు ఒడ్డులలో, రెండు చట్టములు నడచినవి. షాహుకార్లు, దుకాణదారులు ఏ ఒడ్డున తమ సొమ్మునకు భద్రత ఎక్కువయని తలచిరో ఆ ఒడ్డునకు చేరినారు. నగరములో భద్రతను అసమానముగా పంచిన మొదటి పంపకము ఇదియే యనవచ్చును.

ఆ కాలమున గోడలోపలి హింసకు కారణము బీదలు కారు, సిపాయిలు. నిజాము కొలువులోను, అమీరుల దేవిడీలలోను అరబ్బులు, రోహిలాలు మొదలైన కిరాయి సైనికులు వేలకొలదిగా ఉండెడివారు. వారికి జీతము నెలనెల అందెడిది కాదు. బాకీ పేరుకొనినపుడు వారు దేవిడీల ముందు ఆయుధములతో బైఠాయించెడివారు, బాకీదారులను నిర్బంధించెడివారు. అరబ్బు జమేదారులు కొందరు తామే వడ్డీ వ్యాపారము చేసి, వసూలునకు తమ సిపాయిలనే పంపెడివారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అలాఉద్దీను నాయకత్వమున రోహిలాలు రెసిడెన్సీపై దాడి చేసినారు. ఆ దాడి తిరుగుబాటు చరిత్రలోనిది. దాని న్యాయాన్యాయములు వేరు. అయినను పరదేశీయుల దృష్టిలో గోడలోపలి నగరమునకు అపాయకరమైనదను పేరు ఆనాడే గట్టిపడినది. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగు ఈ సైనికులను అదుపులోనికి తెచ్చి, న్యాయస్థానములను, పోలీసును క్రమపరచినాడు. ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. మనుష్యులు మారలేదు, వీధులు మారలేదు. జీతములు, న్యాయస్థానములు, అధికారము ఒక త్రోవకు వచ్చినవి. అప్పుడు కత్తులు ఒరలలోనికి పోయినవి.

ఈ శాంతిని నిలిపినవారిలో పాలమూరు సీమ వ్యక్తి ఒకరు కలరు. వనపర్తి సంస్థానపు ప్రాంతమున 1869లో పుట్టిన రాజా బహద్దర్ వెంకటరామారెడ్డిగారు 1920 నుండి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా ఉండినారు. నిజాము ఏలుబడిలో ఆ పదవిని అలంకరించిన తొలి హిందువు వారు. మన సీమవారే అయిన సురవరం ప్రతాపరెడ్డిగారు వారి జీవితచరిత్రను వ్రాసినారు. కొత్వాలు అనగా ఆనాడు దొంగలను పట్టు అధికారి మాత్రమే కాడు. పండుగల ఊరేగింపుల బాట, బజారుల తీరు, ఇరుగుపొరుగు తగవులు అన్నియు ఆయన కంటిలో ఉండవలసినవే. మొహరమునకు, బోనాలకు ఒకే వీధి దారియైన ఊరిలో, ఏ ఊరేగింపు ఏ వేళకు ఏ మూల తిరుగవలెనో ముందుగా ఇరువైపుల పెద్దలతో కూర్చుండి మాటాడుకొనుట కంటె మించిన పోలీసు విద్య లేదు.

తరువాత నగరపు తూకము మారినది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో పదునైదు వేలమంది వరకు మరణించిరని లెక్క. ఆ వరద పిమ్మట గండిపేట, హిమాయత్‌సాగరు జలాశయములు నిర్మింపబడినవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. వెడల్పైన బాటలు, క్రొత్త భవనములు వచ్చినవి. హైకోర్టు దక్షిణపు ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రి ఉత్తరపు ఒడ్డున లేచినవి. కాని కలిగినవారు క్రమముగా నదిని దాటినారు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను తానే పాతనగరపు కోటలను వీడి ఉత్తరమున కింగ్‌కోఠీలో కాపురముండినాడు. విశ్వవిద్యాలయము అడిక్‌మెట్ వైపునకు పోయినది. ప్రభువు ఎటు కదలిన అటు కొలువులు, అటు దీపములు, అటు నీటి కొళాయిలు కదలును.

పాతనగరమునకు మిగిలిన ఆధారము దేవిడీలు. జాగీర్దారుల ఇండ్లను నమ్ముకొని వేలకొలది కుటుంబములు బ్రదికెడివి: గుమాస్తాలు, సిపాయిలు, దర్జీలు, వంటవారు, జరీపనివారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలసినది. నిజాము సైన్యము రద్దయినది. 1949లో జాగీర్లు రద్దయినవి. జాగీర్దారీ రద్దు కాకతప్పనిదే. నల్లగొండ రైతు దానికొరకు నెత్తురు ధారపోసినాడు, అందులో సందేహము లేదు. కాని పల్లెలో వెట్టి పోయిన ఆ మార్పే పాతనగరములో ఒక తరమునకు అన్నము లేకుండ చేసినదనుటయు నిజమే. ఆ కుటుంబములకు మారుగా కొలువులు చూపినవారు అరుదు. 1956 తరువాత పెరిగిన కార్యాలయములు, కర్మాగారములు, వలస వచ్చినవారి క్రొత్త కాలనీలు దాదాపు అన్నియు నదికి ఉత్తరమున, తూర్పున వెలసినవి.

ఇంతవరకు కరవు గలదు గాని, కలహము లేదు. 1938లో ధూల్‌పేటలో పుట్టిన అల్లరులను విడిచిన, హైదరాబాదు నగరము మతకలహములకు పేరుపడినది కాదు. ఆ పేరు 1978 తరువాతిది. ఆ కథ మొదలైన చోటు పాతబస్తీ కాదనుట చాలమంది ఎరుగరు. 1978 మార్చిలో నల్లకుంట పోలీసు ఠాణాలో, అనగా నదికి ఉత్తరమున, ఒక ముస్లిము స్త్రీపై అత్యాచారము జరిగినదనియు, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయినాడనియు నగరము భగ్గుమన్నది. మొదట అది పోలీసులపై ప్రజల ఆగ్రహము. అందులో అన్ని మతములవారును ఉండినారు. కాల్పులు జరిగినవి, కర్ఫ్యూ వచ్చినది, విచారణ సంఘము నియమింపబడినది. ఆ తరువాతి నెలలలోను, 1984 వరకు దాదాపు ఏటేటను, హిందూ ముస్లిము కొట్లాటలుగా మారిన హింస మాత్రము పాతనగరపు వీధులలో పాదుకొన్నది. ఊరేగింపుల కాలము వచ్చెననగా దుకాణములవారు తలుపులు లెక్కించుకొను రోజులవి.

1990 డిసెంబరులో జరిగినది అన్నిటికంటె ఘోరము. నూటికి మించి జనులు చంపబడినారు. వీధిలో కలియబడి కొట్టుకొనిన వారి చావులు కావవి. ఒంటరిగా దారిలో దొరికినవానిని, ఇంటిలో నిదురించువారిని పొడిచి చంపిన చావులు. ఆ నెలలోనే ముఖ్యమంత్రి మఱ్ఱి చెన్నారెడ్డిగారు పదవిని విడిచినారు. పదవుల పోరు ఈ హింసకు నూనె పోసినదని ఆనాడే జనులు చెప్పుకొన్నారు. నాటి రాత్రులలో పట్నములో బిడ్డలున్న జిల్లాల ఇండ్లలో రేడియోయే దిక్కు. ప్రాంతీయ వార్తలలో ఏ ఠాణా పరిధిలో కర్ఫ్యూ సడలినది, ఏ ఠాణా పరిధిలో సడలలేదు అని చదువుచుండగా, తల్లులు తమ బిడ్డ ఉన్న బస్తీ పేరు కొరకు చెవులు రిక్కించి వినెడివారు. చార్మినారు, హుస్సేనీఆలం, మీర్‌చౌక్, మొగల్‌పురా, షాలిబండ: ఈ పేర్లు ఆ విధముగానే మన ఊళ్లలో భయమునకు మారుపేర్లయినవి.

ఇక్కడనే ఒక చిన్న పొరపాటు పెద్ద అపకారముగా మారినది. కర్ఫ్యూ విధించునది ఠాణా పరిధిని బట్టి. నేరముల లెక్క వేయునదియు ఠాణా పరిధిని బట్టియే. కాని హింస జరిగినది ఆ పరిధిలోని కొన్ని మలుపులలో, కొన్ని గల్లీలలో, రెండు వర్గములవారి ఇండ్లు ఆనుకొనిన కొన్ని సరిహద్దు మూలలలో. అదే పరిధిలో నూరు గల్లీలు నెమ్మదిగా ఉండినవి. హిందువుల ఇంటికి ముస్లిములు, ముస్లిముల ఇంటికి హిందువులు కావలి కాచిన వీధులును అందులో ఉండినవి. వార్తకు గల్లీ పేరు అందదు, ఠాణా పేరే అందును. కావున పది మూలలలో జరిగినదానిని లక్షల జనముగల ప్రాంతము మోసినది.

సాహసముతో చెప్పుచున్నాము గాని, ఇది ఒక్క హైదరాబాదు సంగతి కాదు. 1950 నుండి 1995 వరకు దేశములో జరిగిన హిందూ ముస్లిము కలహములను ఆశుతోష్ వార్ష్ణేయ్, స్టీవెన్ విల్కిన్సన్ అను పండితులు లెక్కగట్టినారు. ఆ లెక్కలో తేలినది వినదగినది. అహమ్మదాబాదు, బొంబాయి, అలీగఢ్, హైదరాబాదు, మీరట్, బరోడా, కలకత్తా, ఢిల్లీ, ఈ ఎనిమిది నగరములలోనే మొత్తము మరణములలో నూటికి నలుబదియైదుకు పైగా జరిగినవి. దేశపు పట్టణ జనాభాలో ఈ నగరముల వంతు నూటికి పదునెనిమిది మాత్రమే. దేశములో అత్యధికులు నివసించు పల్లెలలో జరిగిన మరణములు నూటికి నాలుగు కంటెను తక్కువ. అనగా దేశమును చూచినను హింస కొన్ని నగరములలో గూడుకట్టినది, నగరమును చూచినను కొన్ని బస్తీలలో, బస్తీని చూచినను కొన్ని మూలలలో గూడుకట్టినది.

పరదేశముల అనుభవమును ఇదే చెప్పుచున్నది. 1833లో ఫ్రాన్సు దేశపు న్యాయవాది గెర్రీ తన దేశపు మండలముల నేరములను పటముల మీద రంగులతో చూపినాడు. దక్షిణమున మనుష్యులపై నేరములు, ఉత్తరమున ఆస్తిపై నేరములు ఎక్కువగా కనబడినవి. చదువు తక్కువైన చోటనే నేరము ఎక్కువ అను లోకపు నమ్మకమునకు ఆ పటములు సాక్ష్యమీయలేదు. అమెరికాలోని షికాగో నగరమును పరిశీలించిన షా, మెకే అను విద్వాంసులు 1942లో ప్రకటించిన గ్రంథములో ఇంకొక వింతను చూపినారు. కర్మాగారముల ప్రక్కనున్న కొన్ని పేటలలో బాలనేరములు తరతరములుగా ఎక్కువ. ఆ పేటలలో మొదట జర్మనులు, ఐర్లండువారు ఉండినారు. వారు బాగుపడి వెడలిపోయిన పిమ్మట పోలండువారు, ఇటలీవారు వచ్చినారు. జనము మారినది గాని పేటలోని నేరముల మోతాదు మారలేదు. వెడలిపోయినవారు క్రొత్త పేటలలో నెమ్మదిగా బ్రదికినారు. దోషము జాతిలో ఉన్నచో అది వారి వెంట పోవలసినది కదా! 1989లో మినియాపొలిస్ అను నగరమున పోలీసులకు వచ్చిన పిలుపులను లెక్కించగా, నూటికి మూడు చిరునామాల నుండియే సగము పిలుపులు వచ్చినట్లు తేలినది. చెడ్డదని పేరుపడిన పేటలోను అత్యధికమైన ఇండ్లు ఏ తగవును లేనివే.

అయితే హైదరాబాదు మూలలలో నిప్పు రాజుకొనుటకు కారణమేమి? కొలువులు లేని యువకులు, ఇరుకు ఇండ్లు, చదువులో వెనుకబాటు ఉన్నమాట వాస్తవము. కాని బీదరికము ఒక్కటే కారణమైనచో మన కరవు పల్లెలు నిత్యము నెత్తుటిమడుగులై యుండవలెను. అవి అట్లు లేవు. నగరము పెరిగి నేల ధర పెరిగినపుడు, పత్రములు సరిగా లేని స్థలముల తగవులను కండబలముతో తీర్చు పహిల్వానులు పుట్టినారు. భయపడి వెడలిపోవువాడు ఇంటిని చౌకగా అమ్మును. కొనువాడు సిద్ధముగా ఉండును. ఓట్ల లెక్కలు దానికి తోడైనవి. ప్రతి అల్లరి తరువాతను కలిసియున్న వీధులలో తక్కువ సంఖ్యవారు తమవారి నడుమకు తరలిపోయినారు. అందువలన ఇరుగుపొరుగు అనునది పోయి, సరిహద్దు అనునది వచ్చినది.

వార్ష్ణేయ్ తన గ్రంథములో హైదరాబాదును లక్నోతో పోల్చి చూచినారు. రెండును నవాబుల నగరములే. లక్నోలో చికన్ కుట్టుపనిని నమ్ముకొని హిందూ వర్తకుడును ముస్లిము పనివాడును ఒకరిపై ఒకరు ఆధారపడి యున్నారు. ఒకని దుకాణము కాలిన రెండవవాని పొయ్యి ఆరును. కావున పుకారు పుట్టిననాడు దానిని ఆర్పుటకు ఇరువైపులను మనుష్యులు లేచుదురు. హైదరాబాదులో అట్టి ముడులు లేకపోలేదు. లాడ్ బజారు గాజులలో, పత్తర్‌గట్టి ముత్యములలో అవి నేటికిని కలవు. కాని పెరుగుచున్న జనమునకు ఆ ముడులు చాలలేదు.

ముడి వేసిన చోట ఫలితము కనబడును. 1992 డిసెంబరులో అయోధ్యలో బాబ్రీమసీదు కూలిన పిమ్మట బొంబాయి, సూరతు నగరములు మండినవి. రెండేండ్ల క్రిందట అంత నెత్తురు చూచిన హైదరాబాదులో ఆ స్థాయిలో హింస చెలరేగలేదు. వీధులు అవియే, మనుష్యులు వారే. పాలకుల పూనిక, పోలీసుల సంసిద్ధత, బస్తీ పెద్దల మాట కలసివచ్చినచో, మిక్కిలి చెడ్డపేరుగల మూలయును నిలువగలదని ఇందువలన తెలియుచున్నది.

ఇంకొక మాటయు చెప్పక తీరదు. నేరముల పటము వీధిలో జరిగినదానినే చక్కగా చూపును. ఇంటిలో జరిగినదానిని చూపదు. దేశములో స్త్రీలపై నమోదగు నేరములలో అన్నిటికంటె పెద్ద సంఖ్య భర్త, అత్తింటివారు పెట్టు హింసదే. 2005లో గృహహింస చట్టము వచ్చినది. అయినను, గోడలు మందముగానున్న ఇండ్లలో దెబ్బ చప్పుడు పొరుగువారికి వినబడదు, పరువునకు వెరచి ఠాణాకు పోవువారు తక్కువ. ఇరుకు బస్తీలో మగడు చేయి ఎత్తిన గల్లీ అంతయు వినును. పెద్ద భవనములో ఎత్తిన ఎవరును వినరు. మొదటి బస్తీ పటములో నల్లనగును, రెండవది తెల్లగానే ఉండును. పటమును చదువునపుడు ఈ సంగతి మరువరాదు.

పేరు పడుట వలన నష్టమేమని ఎవరైన అడుగవచ్చును. 1889లో చార్లెస్ బూత్ అను దయాళువు లండను బీదరికమును వీధి వీధిగా రంగులు వేసి ప్రకటించినాడు. మిక్కిలి బీదవీధులకు నలుపు వేసి, అందలివారు దుర్మార్గులు, సగము నేరస్థులు అని గుర్తు వ్రాసినాడు. ఆయన కోరినది వారి మేలు. నలుపు మాత్రము వారి నుదుట నిలిచినది. మన దేశమున 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టము కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని వ్రాసిపెట్టినది. అది రద్దయినది 1952లో. తెలుగుదేశపు తీరమున స్టువర్టుపురము అను ఊరు ఆ చట్టపు నీడలోనే వెలసినది. చట్టము పోయి డెబ్బది ఏండ్లు దాటినను, ఆ ఊరి పేరు చెప్పుకొనుటకు అక్కడ పుట్టి చదువుకొనిన బిడ్డలు ఎంతకాలము జంకవలసి వచ్చినదో ఆంధ్రులందరికిని తెలిసినదే. 2006లో సచార్ సంఘము సమర్పించిన నివేదికలో, కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతములను ప్రతికూల మండలములుగా గుర్తించి అచటివారికి అప్పులు సులభముగా ఇచ్చుట లేదని వ్రాయబడియున్నది. అప్పు పుట్టనివాడు దుకాణము పెట్టలేడు. దుకాణము లేనివాడు వీధిమూలను నిలుచును. వీధిమూలను నిలుచున్నవానిని చూపి, ఈ బస్తీ చెడ్డదని మరల అందుము. ఈ విధముగా మనము వేసిన నలుపు నిజముగానే నలుపగును.

ఇందులో దేవరకొండవారు పరాయివారు కారు. కృష్ణ ప్రక్కనుండియు నీరు దొరకక, దిండి చాలక, ఈ మెట్టనేలల నుండి ఎన్ని కుటుంబములు పట్నమునకు కూలికి పోయినవో లెక్క లేదు. వారిలో పెక్కుమంది చేరినది ఇట్టి పేరుపడిన బస్తీలకే. కిరాయి తక్కువైన చోటనే కదా కూలివాడు తల దాచుకొనును! ఇచట మనము "వద్దు బిడ్డా" అని చెప్పు పేరు, అచట మన వదినె, మన మేనల్లుడు, మన ఊరి తాపీమేస్త్రీ తన చిరునామాగా వ్రాసికొను పేరు.

కావున ఇంటిపెద్దలకు మేము విన్నవించునది ఇంతే. బిడ్డ గదిని గురించి అడుగుట మానవలదు. అడుగు ప్రశ్నను మార్చుకొనుడు. ఆ గల్లీలో రాత్రి దీపము వెలుగునా? ఇంటియజమాని ఎవరు, ఎదుటి ఇంటివారు ఎవరు? ఫిర్యాదు చేసిన ఠాణావారు వత్తురా? పండుగనాడు ఇరుగువారు పొరుగువారికి పళ్లెము పంపుకొందురా? వీలైనచో ఒకనాడు బస్సెక్కి తామే పోయి, ఆ గల్లీలో కొంతసేపు నిలిచి, మూలనున్న హోటలులో చాయ త్రాగి, నాలుగు మాటలు మాటాడి రావలెను. ఠాణా లెక్కలో లేని సంగతులు అక్కడ తెలియును. ఆ తరువాత వద్దనుటయా, సరే అనుటయా అన్నది వారి ఇష్టము.